ఏడేళ్లు నిండితే బిడ్డ ఎవరి దగ్గర? విడిపోయిన తల్లిదండ్రులు రాసుకోవాల్సిన పెంపకం ఒప్పందం

తలాఖ్ అయినా, ఖులా అయినా, ఇద్దరూ ఒప్పుకొని ముబారాత్‌తో విడిపోయినా మన ఇళ్లలో జరిగే పంచాయితీ చాలావరకు ఒకేలా ఉంటుంది. మహర్ ఎంత ఇవ్వాలి, ఇద్దత్ ఖర్చు ఎంత, పెళ్లప్పుడు ఇచ్చిన బంగారం, బీరువా, మంచం ఎవరికి వెళ్లాలి అని పెద్దలు గంటల తరబడి మాట్లాడి లిస్టు రాస్తారు. పిల్లల విషయానికి వచ్చేసరికి మాత్రం ఒకటే లైను పడుతుంది: బాబు ఏడేళ్ల దాకా తల్లి దగ్గర, ఆ తర్వాత తండ్రి దగ్గర. బీరువాకు నాలుగు లైన్లు, బిడ్డకు ఒకటి.

ఆ ఒక్క లైను మీదే తర్వాత ఏళ్ల తరబడి గొడవ నడుస్తుంది. తండ్రి చూడడానికి ఎప్పుడు రావాలి? ఈద్ నమాజుకు బాబు ఎవరితో వెళ్తాడు? స్కూలు ఫీజు ఎవరు కడతారు? ఏడో పుట్టినరోజు మర్నాడు ఏం జరుగుతుంది? ఏదీ రాసి ఉండదు. అడిగినప్పుడల్లా కొత్త తగాదా, ఆ తగాదా మధ్యలో బిడ్డ. అందుకే విడిపోయేటప్పుడే పిల్లల పెంపకం గురించి వివరంగా ఒక కాగితం రాసుకోవాలి. దీన్నే పేరెంటింగ్ ప్లాన్ అంటారు. జస్టిస్ ఏపీ షా అధ్యక్షతన పనిచేసిన లా కమిషన్ 2015 మే నెలలో ఇచ్చిన 257వ నివేదికలో కూడా దీన్ని సిఫారసు చేసింది. మైలవరం, ఇబ్రహీంపట్నం, కొండపల్లి, విజయవాడ ప్రాంతాల్లోని కుటుంబాలకు ఉపయోగపడేలా ఆ కాగితంలో ఏమేం ఉండాలో, దానికి చట్టబలం ఎలా వస్తుందో కింద ఇస్తున్నాం.

హిజానత్ వేరు, విలాయత్ వేరు

ఫిఖ్హ్‌లో పిల్లల బాధ్యత రెండు భాగాలు. బిడ్డను దగ్గర ఉంచుకొని తినిపించడం, స్నానం, నిద్ర, ఆలనాపాలనా చూడడం హిజానత్. బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకోవడం, ఆస్తి చూసుకోవడం విలాయత్. మొదటిది చిన్న వయసులో ముందుగా తల్లి హక్కు. రెండోది తండ్రి బాధ్యత. ఇక నఫఖా, అంటే పోషణ ఖర్చు. బిడ్డ ఎవరి దగ్గర ఉన్నా అది తండ్రి మీదే ఉంటుంది.

మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో బాబు ఏడేళ్ల దాకా, పాప యుక్తవయసు వచ్చేదాకా తల్లి దగ్గర ఉంటారు. షియా పద్ధతిలో బాబుకు రెండేళ్లు, పాపకు ఏడేళ్లు. చాలామంది ఈ వయసు లెక్కనే పట్టుకుంటారు. కానీ హిజానత్ తల్లికి ఉన్న రోజుల్లో తండ్రికి బిడ్డ ముఖం చూపించొద్దని ఎక్కడా లేదు. ఏడేళ్లు నిండాయని తల్లిని బిడ్డ జీవితం నుంచి తీసేయమనీ లేదు. సూరహ్ బఖరా 233వ ఆయత్‌లో బిడ్డకు పాలు మాన్పించడం కూడా తల్లిదండ్రులు ఇద్దరూ సంప్రదించుకొని, ఇష్టపడి చేయాలని ఉంది. బిడ్డను అడ్డం పెట్టుకొని తల్లినిగానీ తండ్రినిగానీ బాధపెట్టకూడదని కూడా అదే ఆయత్ చెబుతుంది. పాలు మాన్పించడానికే మషవరా కావాలంటే, ఇల్లు, బడి, ఊరు మార్చడానికి ఎంత కావాలి?

కోర్టు ఏం చూస్తుంది

1937 షరియత్ చట్టం ప్రకారం ముస్లింల గార్డియన్‌షిప్ విషయాలకు పర్సనల్ లా వర్తిస్తుంది. అయితే కేసు కోర్టుకు వెళ్తే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద విచారణ జరుగుతుంది. ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం బిడ్డ సంక్షేమమే కొలబద్ద. బిడ్డ వయసు, ఆడా మగా, మతం, అడుగుతున్నవాళ్ల నడవడిక, స్థోమత అన్నీ చూస్తారు. ఆలోచించి చెప్పగల వయసుంటే బిడ్డ ఇష్టం కూడా అడుగుతారు.

అంటే ఏడేళ్ల లెక్క కోర్టులో ఆటోమేటిక్‌గా నడవదు. 2010లో అథర్ హుస్సేన్ వర్సెస్ సయ్యద్ సిరాజ్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. తల్లి చనిపోయింది, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు నానా ఇంట్లో ఉన్నారు. పర్సనల్ లా ప్రకారం తండ్రే గార్డియన్ అయినా, తాత్కాలిక కస్టడీని కోర్టు తల్లి తరఫు వాళ్ల దగ్గరే ఉంచింది. గార్డియన్‌షిప్ వేరు, కస్టడీ వేరు అని స్పష్టం చేసింది.

2020 జనవరిలో వచ్చిన యశితా సాహు కేసు తీర్పు కూడా గుర్తుపెట్టుకోవాలి. తల్లి ప్రేమ, తండ్రి ప్రేమ రెండూ పొందడం బిడ్డ హక్కు అని అందులో సుప్రీంకోర్టు చెప్పింది. కస్టడీ ఒకరికి ఇచ్చినా, రెండోవాళ్లు ఎప్పుడు, ఎలా కలవాలో ఉత్తర్వులో వివరంగా రాయాలంది. దూరంగా ఉన్నవాళ్లకు వీడియో కాల్ హక్కునూ ప్రస్తావించింది.

ప్లాన్‌లో రాయాల్సినవి

బిడ్డ ఉండే ఇల్లు: బడి రోజుల్లో ఎవరి దగ్గర, సెలవుల్లో ఎవరి దగ్గర అన్నది రాయండి. నెలకు రెండుసార్లు అని వదిలేయకుండా మొదటి, మూడో శనివారం అని పెట్టండి. పాలు తాగే బిడ్డయితే తండ్రి వారంలో రెండు మూడుసార్లు వచ్చి గంటో రెండు గంటలో గడిపితే చాలు, రాత్రి నిద్ర తల్లి దగ్గరే. బడికి వెళ్లే వయసులో వారాంతాలు, సెలవులు పంచుకోవచ్చు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు ట్యూషన్లు, ఆటలు, స్నేహితులు ఉంటారు. వాళ్లను అడిగి టైము పెట్టండి.

ఏడో ఏడు: దీని గురించి విడిగా ఒక పేరా రాయాలి. ఏడేళ్లు నిండగానే బ్యాగు సర్ది పంపేయడం పెద్దలకు హక్కుల లెక్క కావచ్చు. బిడ్డకు మాత్రం అదే రోజు ఇల్లు, బడి, అమ్మ, స్నేహితులు అన్నీ పోతాయి. బాబు తండ్రి దగ్గరికి మారాలనే మీ ఇద్దరి నిర్ణయమైతే, ఆరో ఏటి నుంచే మెల్లగా మొదలుపెట్టండి. ముందు ఒక రాత్రి, తర్వాత రెండు రాత్రులు, వేసవి సెలవుల్లో రెండు వారాలు. మార్పు చదువు మధ్యలో వద్దు, జూన్‌లో బడి తెరిచేటప్పుడు చేయండి. మారిన తర్వాత తల్లి దగ్గరికి వెళ్లే రోజులు ఏవో కూడా అదే పేరాలో రాయండి. మార్చకూడదని అనుకుంటే అదీ స్పష్టంగా రాయండి: ఏడేళ్లు నిండినా బాబు తల్లి దగ్గరే చదువుకుంటాడు, తండ్రి కలిసే రోజులు పెరుగుతాయి అని.

అప్పగించే చోటు: ఎక్కువ గొడవలు గుమ్మం దగ్గరే అవుతాయి. మాజీ అత్తగారింటి ముందు నిలబడితే పాత మాటలన్నీ బయటికి వస్తాయి. మైలవరం నుంచి విజయవాడ సుమారు 40 కిలోమీటర్లు. ఎవరు తీసుకెళ్లాలి, ఎవరు తిరిగి దించాలి, ఎక్కడ, ఎన్నింటికి అన్నది తేల్చండి. ఇద్దరికీ ఇబ్బంది లేని మామూనో, ఖాలానో, చాచానో మధ్యలో పెట్టుకోవచ్చు. బడి వదిలే టైముకు తీసుకెళ్లి, మళ్లీ బడి దగ్గరే దించితే ఇద్దరూ ఎదురుపడాల్సిన పనే ఉండదు. ఎంతసేపు ఆలస్యమైతే ఫోన్ చేయాలో కూడా రాయండి.

పండగలు, సెలవులు: రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి రంజాన్ మొదలవుతుంది. కాబట్టి పండగలకు ఇంగ్లీషు తేదీలు వేయొద్దు. ఈదుల్ ఫిత్ర్ ఒకరి దగ్గర, బక్రీద్ మరొకరి దగ్గర, మర్సటి ఏడు తారుమారు అని రాస్తే సరిపోతుంది. నెలవంక వార్త రాత్రి పూట వస్తుంది కనుక పండగ రోజు అప్పగింత పెట్టకండి, రెండు రోజుల ముందే బిడ్డ చేరాలి. పండగ రోజు రెండోవాళ్లతో ఫోన్‌లో ఈద్ ముబారక్ చెప్పించడం తప్పనిసరి చేయండి. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు కూడా పంచుకోండి. పదో తరగతి పరీక్షలు ఉన్న ఏడాది మార్చిలో బిడ్డను కదిలించవద్దని రాయండి.

ఫోన్: రోజూనా, రోజు విడిచి రోజా, ఏ టైముకు అన్నది పెట్టండి. చిన్నపిల్లలకు ఐదు పది నిమిషాలు చాలు. ఆ టైములో పక్కన నిలబడి జవాబులు అందించడం, స్పీకర్ ఆన్ చేసి వినడం, రికార్డు చేయడం వద్దు. డబ్బు గురించిన కబురు బిడ్డతో పంపవద్దు. ఫీజు కట్టలేదని మీ అబ్బాకు చెప్పు అంటే ఆ బిడ్డ సిగ్గుతో నలిగిపోతాడు. ఇద్దరికీ నేరుగా మాట్లాడుకోవడం కష్టమైతే వాట్సాప్‌లో పిల్లల సంగతుల వరకే రాసుకోండి.

చదువు, దీనీ తాలీమ్: ఏ మీడియం, ఏ బడి, అరబీ చదువు ఎక్కడ, ఏ టైములో? ప్రోగ్రెస్ రిపోర్టు ఇద్దరికీ అందాలి, పేరెంట్స్ మీటింగుకు ఇద్దరూ వెళ్లవచ్చు అని బడికి లిఖితంగా చెప్పండి. బడి మార్చాలంటే ఇద్దరి సంతకం ఉండాలి.

వైద్యం: జ్వరం, దెబ్బ లాంటివి ఎవరి దగ్గర ఉంటే వాళ్లు చూపిస్తారు, అదే రోజు రెండోవాళ్లకు చెప్తారు. ఆపరేషన్ లాంటి పెద్ద నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఎవరికోసం ఆగకూడదు.

ఖర్చులు: నెలకు ఎంత, ఏ తేదీలోపు, ఏ ఖాతాలో అన్నది రాయండి. చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపితే ఇచ్చామా లేదా అన్న గొడవ ఉండదు. ఫీజు, పుస్తకాలు, ఆటో, పండగ బట్టలు, వైద్యం విడిగా పేర్కొనండి. ఏటా ఎంత పెంచాలో కూడా రాయండి. ఖర్చుకు, కలవడానికి లంకె పెట్టొద్దు. డబ్బు రాలేదని చూపించకపోవడం, చూపించలేదని డబ్బు ఆపడం, రెండూ బిడ్డకే నష్టం.

పిల్లల పోషణ హక్కును తల్లి వదులుకున్నట్టు రాయించినా అది బిడ్డను కట్టిపడేయదు. నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది: తలాఖ్ అయినా పిల్లలు మేజర్లయ్యేదాకా, ఆడపిల్లలకు పెళ్లయ్యేదాకా తండ్రి పోషించాలి. ఈ దావా అప్పట్లో సీఆర్పీసీ 125 కింద ఉండేది, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 144 కింద ఉంది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా 125 కింద భరణం అడగవచ్చని 2024 జులై 10న తెలంగాణ నుంచి వెళ్లిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో తీర్పు వచ్చింది.

కాగితాలు, పథకాలు: బర్త్ సర్టిఫికెట్, ఆధార్, టీకాల కార్డు, స్టడీ సర్టిఫికెట్ అసలు ఒకరి దగ్గర, జిరాక్సులు రెండోవాళ్ల దగ్గర ఉండాలి. తల్లికి వందనం డబ్బులో 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడతాయి. అది బిడ్డ చదువుకే వాడాలని, నెలనెలా ఇచ్చే నఫఖాలో తగ్గించకూడదని ముందే అనుకోండి. బిడ్డ ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి వివరాల్లోనే రేషన్ కార్డులో, సచివాలయం రికార్డులో పేరు ఉండేలా చూసుకోండి.

నానీ, దాదీ: మన పిల్లలు చాలామంది పెరిగేది వీళ్ల ఒళ్లోనే. విడిపోయింది భార్యాభర్తలు, దాదీ మనవడు కాదు. లా కమిషన్ కూడా తాతమ్మల సమయం గురించి మాట్లాడింది. రెండో పక్షం పెద్దవాళ్లను కలిసే రోజులు, పెళ్లిళ్లు, మౌత్‌లకు తీసుకెళ్లే వీలు రాయండి. బిడ్డ ముందు మీ అమ్మ ఇలాంటిది, మీ అబ్బా అలాంటివాడు అని ఏ ఇంట్లోనూ అనకూడదనే షరతు పెద్దవాళ్లకూ వర్తిస్తుంది.

రెండో నికాహ్: తల్లి బిడ్డకు మహరం కాని వ్యక్తిని చేసుకుంటే హిజానత్ పోతుందని ఫిఖ్హ్‌లో ఉంది, ఆ తర్వాతి హక్కు నానీది. కోర్టు మాత్రం తల్లిది గానీ తండ్రిది గానీ రెండో పెళ్లిని ఒక అంశంగా చూస్తుంది, దాంతోనే తీర్పు చెప్పదు. ఎవరు నికాహ్ చేసుకున్నా ముందుగా రెండోవాళ్లకు తెలపాలి, అప్పుడు కూర్చొని ప్లాన్ మళ్లీ చూసుకోవాలి అని రాస్తే చాలు.

గల్ఫ్, ఊరు మార్పు: తండ్రి దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటే వారాంతాల లెక్క పనిచేయదు. అక్కడి టైముకు సరిపడా వీడియో కాల్ రోజులు, సెలవు మీద వచ్చినప్పుడు ఎన్ని రోజులు బిడ్డ ఆయన దగ్గర ఉంటాడో రాయండి. ఎంత ముందు వచ్చే తేదీ చెప్పాలో కూడా పెట్టండి. బిడ్డను దేశం దాటించాలంటే రెండోవాళ్ల లిఖిత సమ్మతి ఉండాలి. మైనరు పాస్‌పోర్టుకు మామూలుగా తల్లిదండ్రులిద్దరి సమ్మతి అడుగుతారు. ఆ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలో ఇప్పుడే తేల్చండి. పిల్లలను తిప్పి పంపడంపై ఉన్న 1980 హేగ్ ఒప్పందంలో భారత్ లేదు కాబట్టి, ఒకసారి దాటిన బిడ్డను వెనక్కి రప్పించడం చాలా కష్టం.

నమూనా

తల్లి మైలవరంలో, తండ్రి విజయవాడలో, ఆరేళ్ల బాబు ఉన్న ఇంటికి ప్లాన్ ఇలా ఉండొచ్చు:

1. ఐదో తరగతి పూర్తయ్యేదాకా బాబు మైలవరంలో తల్లి దగ్గర ఉండి చదువుకుంటాడు. ఏడేళ్లు నిండడం వల్ల ఇది మారదు.
2. ప్రతి నెల మొదటి, మూడో శనివారం బడి వదలగానే తండ్రి తీసుకెళ్తాడు. ఆదివారం సాయంత్రం 6 గంటలకు మైలవరంలో మామూ ఇంటి దగ్గర దించుతాడు.
3. వేసవి సెలవుల్లో సగం తండ్రి దగ్గర. బడి తెరవడానికి వారం ముందు తల్లి దగ్గరికి చేరాలి.
4. ఈ ఏడు ఈదుల్ ఫిత్ర్ తల్లి దగ్గర, బక్రీద్ తండ్రి దగ్గర. మర్సటి ఏడు తారుమారు.
5. సోమ, బుధ, శుక్రవారాల్లో రాత్రి 8 గంటలకు తండ్రితో వీడియో కాల్. తండ్రి దగ్గర ఉన్న రోజుల్లో అదే టైముకు తల్లితో.
6. ప్రతి నెల 5వ తేదీలోపు ఒప్పుకున్న మొత్తం తల్లి ఖాతాలో. బడి ఫీజు తండ్రి నేరుగా బడికి కడతాడు.
7. బడి, ఊరు, పెద్ద వైద్యం, పాస్‌పోర్టు విషయాల్లో ఇద్దరి సంతకం.
8. తేడా వస్తే ముందు ఇద్దరూ, తర్వాత ఇరువైపుల నుంచి ఒక్కో పెద్ద, అప్పటికీ తేలకపోతే మీడియేషన్, ఆఖరున కోర్టు.
9. ప్రతి ఏడాది మే నెలలో ప్లాన్ మళ్లీ చూసుకోవాలి.

దీనికి చట్టబలం ఎలా వస్తుంది

వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి, జమాత్ పెద్దలు, ఖాజీ సాబ్ సంతకాలు చేస్తే మాటకు విలువ వస్తుంది. ఎవరైనా తప్పితే అది సాక్ష్యంగా పనికొస్తుంది. కానీ అది కోర్టు డిక్రీ కాదు. ఫత్వాకు, దారుల్ ఖజా నిర్ణయానికి చట్టపరంగా కట్టుబడాల్సిన అవసరం లేదని 2014లో విశ్వలోచన్ మదన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పెద్దల ముందు ఒప్పుకున్నదాన్ని కోర్టు దాకా తీసుకెళ్లడం మంచిది.

బిడ్డ మామూలుగా ఉండే ప్రాంతంపై అధికారం ఉన్న ఫ్యామిలీ కోర్టులో, అది లేనిచోట జిల్లా కోర్టులో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేసి, ఇద్దరూ రాజీ కాగితంగా ఈ ప్లాన్‌ను పెట్టవచ్చు. జడ్జి గారు బిడ్డకు మంచిదనుకుంటే దాని ప్రకారం ఉత్తర్వు ఇస్తారు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత కూడా. లోక్ అదాలత్‌లో కుదిరిన అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమాన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. కస్టడీ ఉత్తర్వులు శాశ్వతం కావు. పరిస్థితి మారితే మళ్లీ కోర్టును అడగవచ్చు.

లాయర్ ఫీజు భయంతో ఆగిపోవద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా దగ్గరి కోర్టులోని మండల న్యాయ సేవాధికార కమిటీలో దరఖాస్తు ఇవ్వవచ్చు.

ఇలాంటి ప్లాన్ సరిపోని ఇళ్లు

కొట్టడం, తాగి గొడవ చేయడం, బిడ్డ మీద చేయి వేయడం, ఎత్తుకెళ్తామని బెదిరించడం ఉన్నచోట ఇద్దరూ కూర్చొని రాసుకోండి అని చెప్పడం అన్యాయం. అక్కడ ముందు భద్రత. 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు తాత్కాలిక కస్టడీ ఇవ్వవచ్చు, బిడ్డకు హాని ఉంటే కలవడాన్ని ఆపవచ్చు. అవసరమైతే వేరొకరి సమక్షంలోనే కలిసేలా అడగండి. మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098, వెంటనే సాయం కావాలంటే 112.

ఒకేసారి మూడు తలాఖ్‌లు చెప్పినచోట సంగతి వేరు. 2019 చట్టం ప్రకారం ఆ తలాఖ్ చెల్లదు, చెప్పినవాళ్లకు మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఆ చట్టం 6వ సెక్షన్ మైనరు పిల్లల కస్టడీని, మెజిస్ట్రేటు నిర్ణయించే పద్ధతిలో, తల్లికి ఇస్తుంది. 5వ సెక్షన్ కింద తల్లికి, పిల్లలకు జీవన భత్యం అడగవచ్చు.

పెద్దలకు ఒక మాట

పంచాయితీలో కూర్చునే మామూలకు, చాచాలకు, మసీదు కమిటీ పెద్దలకు ఒక విన్నపం. సామాన్ల లిస్టు రాయడానికి ముందు పిల్లల కాగితం రాయించండి. కోపం ఎక్కువగా ఉంటే ఆ రోజు బలవంతంగా సంతకాలు తీసుకోకండి. మూడు నెలలకు తాత్కాలికంగా ఒక టైమ్‌టేబుల్ పెట్టి, ఇద్దత్ గడిచాక మళ్లీ కూర్చోబెట్టండి. ఒప్పందం రాశాక బిడ్డకు అర్థమయ్యే మాటల్లో ఇద్దరితో కలిపి చెప్పించండి: ఏ రోజుల్లో ఎక్కడ ఉంటావు, అమ్మీ, అబ్బా ఇద్దరూ నీకు ఫోన్ చేస్తారు, ఇందులో నీ తప్పేం లేదు. ఆ మూడు సంగతులు తెలిసిన బిడ్డ రాత్రి ప్రశాంతంగా నిద్రపోతాడు.